గుర్రానికి మనిషి మీద మనసు పడ్తదా, దాణా మీదనే ఉంటదా?

పరకాల_గుర్రం:

అన్నలకు, డాక్టర్ సాబ్‌లకు నమస్తే. ఒక ముచ్చట తెల్వాలె.

ఆరేండ్ల ఆడగుర్రం. కాఠియావాడీ కలిసిన జాతి, చెవుల కొసలు లోపలికి మళ్ళి ఉంటయి. వచ్చి ఏడు నెలలు. కొట్టంల గుర్రం అదొక్కటే, పక్కపొంటి రెండు బర్లు కట్టేస్తం. పొద్దుగాల ఆరింటికి, సాయంత్రం అయిదున్నరకు దాణా, గడ్డి. మలుపు కాడ బండి చప్పుడు ఇనవడంగనే సకిలిస్తది. దగ్గరికి పోతే జేబుల మూతి వెట్టి బెల్లం దేవులాడుతది. తాడు ఇప్పితే ఎనుకనే నడుస్తది.

ఇంట్ల సగం మంది "నిన్ను చూడక ఉండలేదు" అంటరు. సగం మంది "రెండు రోజులు దాణా బంద్ జేసి చూడు, ప్రేమ ఎంతుందో బయటపడ్తది" అంటరు.

అడిగేది మూడు సంగతులు. గుర్రానికి మనిషి మీద నిజంగ మనసు పడ్తదా? దాణా కోసం వచ్చుడుకు, మనిషి కోసం వచ్చుడుకు తేడా ఎట్ల పట్టాలె? ఇంకోటి, పది రోజుల సంది ఎడమ దిక్కు ఖరారా (ఒళ్ళు రుద్దే బ్రష్) కొడుతుంటే చెవులు ఎనుకకు పరుస్తున్నది, పండ్లు గూడ సూపెట్టింది. అలిగిందంటున్నరు. గుర్రం అలుగుతదా?

పశువైద్యుడు_హన్మకొండ:

మూడో ప్రశ్న ముందు చూద్దాం, అది ఆగే విషయం కాదు. గుర్రం అలగదు. ఒకే వైపు, ఒకే పనికి, పది రోజులుగా చెవులు పరుస్తోందంటే అక్కడ నొప్పి ఉన్నట్టే లెక్క. నొప్పి లేదని తేలేదాకా దాని స్వభావం గురించి ఏ మాటా అనొద్దు.

ఇట్లా చూడండి. గుర్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టి, తాడు ఇంకొకరి చేతికి ఇవ్వండి. మూపు నుంచి నడుము దాకా, వెన్నెముకకు రెండు వేళ్ళ దూరంలో, నాలుగు వేళ్ళు కలిపి నెమ్మదిగా నొక్కుతూ పొండి. వేలికొసతో పొడవొద్దు, పొడిస్తే నొప్పి లేని గుర్రం కూడా ఉలిక్కిపడుతుంది. నొక్కిన చోట వీపు కిందికి దిగినా, తోక విసిరినా, తల మీ వైపు తిప్పినా ఆ చోటు గుర్తు పెట్టుకోండి. తర్వాత ముందుకాలి మోచేయి వెనుక, జీను పట్టీ బిగించే చోట, అరచేతితో తడమండి. గడ్డ, వేడి, వెంట్రుక ఊడిన మచ్చ, తెల్లబడిన వెంట్రుక, ఇవి వెతకండి. మేత నోట్లోంచి ఉండలుగా జారిపడుతోందా కూడా చూడండి. దవడ పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గ కోసుకుంటే కళ్ళెం వేసేటప్పుడు, తల పక్కన చెయ్యి పెట్టేటప్పుడు ఇలాగే చేస్తుంది.

మీరు రాసిన దాంట్లో ఇంకో సంగతి నాకు కనిపిస్తోంది. సాయంత్రం అయిదున్నరకు పెట్టింది ఏడింటికల్లా తినేస్తుంది. అక్కణ్ణుంచి పొద్దున ఆరింటిదాకా పదకొండు గంటలు కడుపు ఖాళీ. మన కడుపు వేరు, గుర్రం కడుపు వేరు. తిన్నా తినకున్నా దానికి ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. నమిలేటప్పుడు వచ్చే లాలాజలమే ఆ ఆమ్లానికి విరుగుడు. గంటల తరబడి నమలకుండా ఉంచితే కడుపులో పుండ్లు పడే ముప్పు పెరుగుతుంది. పట్టీ బిగించేటప్పుడు, పొట్ట పక్కన బ్రష్ తగిలినప్పుడు కరవబోయే గుర్రాల్లో ఈ పుండ్లూ ఒక కారణం. బండి చప్పుడుకి సకిలించేది కూడా చాలావరకు ఆకలే. అందులో ఆపేక్ష లేదని కాదు. అంత ఆకలి మీదున్న గుర్రంలో ఆపేక్షను విడదీసి చూడలేం.

రెండు రోజులు దాణా ఆపి చూడమన్నవాళ్ళ మాట అసలు వినొద్దు. గుర్రం వాంతి చేసుకోలేదు. మేత ఆపి ఒక్కసారిగా పెడితే ఆబగా మింగుతుంది, కడుపునొప్పితో ప్రాణం మీదికొస్తుంది. అది ప్రేమకు పరీక్ష కాదు, హింస.

ఇక అసలు ప్రశ్న. గుర్రం మనిషిని మనిషిగా గుర్తుపడుతుంది, అందులో అనుమానం లేదు. తెలిసిన మనిషి గొంతు వినపడగానే ఆ ముఖం వైపే చూస్తుందని ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2012లో చూపించారు. 2016లో వాళ్ళే 28 గుర్రాలకు మనుషుల ఫోటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖాన్ని ఎడమ కంటితో ఎక్కువగా చూశాయి, గుండె వేగం తొందరగా పెరిగింది. 2018లో ఇంకో అడుగు వేశారు. పొద్దున ఫోటోలో కోపంగా కనిపించిన మనిషి, అదే రోజు కొన్ని గంటల తర్వాత మామూలు ముఖంతో ఎదురుగా వచ్చి నిలబడినా గుర్రాలు అనుమానంగానే చూశాయి. మంచి కూడా అట్లాగే గుర్తుంటుంది. ఫ్రాన్స్‌లో మేత బహుమతిగా ఇస్తూ నేర్పించిన గుర్రాలు, ఎనిమిది నెలల తర్వాత కూడా మనిషి దగ్గరికి ఇష్టంగా వచ్చాయని 2010లో రాశారు.

ఇక్కడిదాకా వినడానికి బాగుంటుంది, ఇంకో వైపు కూడా వినాలి. 2020లో స్వీడన్‌లో, తల్లికి పసిబిడ్డకు మధ్య అనుబంధం చూసే పరీక్షనే గుర్రాల మీద చేశారు. ఒంటరిగా వదిలినప్పుడు గుండె వేగం పెరిగింది, మనిషి పక్కనుంటే తగ్గింది. కానీ ఆ మనిషి యజమానా, కొత్తవాడా అన్నదానికి తేడా కనిపించలేదు. నేను అర్థం చేసుకునేది ఇది: గుర్రం మనిషిలో మొదట వెతికేది భద్రత. "నువ్వు తప్ప నాకెవరూ లేరు" అనే కుక్క ప్రేమను దాని దగ్గర ఆశించడం దానికి న్యాయం కాదు. అది మందలో బతికే జీవి, వేటాడబడే జీవి. మీ పక్కన నిలబడి కనురెప్ప వాల్చిందంటే అది దాని లెక్కలో చాలా పెద్ద మాట.

లగాము_కాజీపేట:

డాక్టర్ సాబ్ చెప్పినట్టు ముందు నొప్పి సంగతి తేల్చుకో తమ్ముడూ. అది తేలినంక దాణాకూ మనిషికీ తేడా ఎట్ల పట్టాలనో చెప్తా.

మా పనిల రెండు మాటలుంటయి. మచ్చిక వేరు, మాలిమి వేరు. చేతికి దొరికితే, తాడు ఏసుకుంటే మచ్చికయినట్టు. తాడు లేకున్నా నీ దగ్గర తల దించి నిలవడితే మాలిమి అయినట్టు. నువ్వు చూసుకోవాల్సింది రెండోది.

గడ్డి కడుపునిండ తిన్నంక, ఒక గంట ఆగినంక, ఉత్త చేతులతోని పో. బెల్లం పెట్టిన అంగి ఇడిచి, వేరే అంగి ఏసుకో. వాసన ఉంటే ఆ పరీక్ష చెల్లది. తాడు ఇప్పి, దొడ్డి నడుమ నిలవడు. పిలవొద్దు, కండ్లల్ల కండ్లు పెట్టి చూడొద్దు, భుజం పక్కకు తిప్పి నిలవడు. అయిదు నిమిషాలు చూడు. వచ్చి జేబు, చెయ్యి వాసన చూసి పోతే అది బెల్లం కోసం వచ్చింది. వచ్చి ఏం దొరక్కున్నా ఆడనే నిలవడి, తల మూపు కన్నా కిందికి దించి, కింది పెదవి ఒదులు చేసి, ఒక ఎనుక కాలు డెక్క కొస మీద ఆనిచ్చిందనుకో, అది నీ కోసం నిలవడ్డది. రాకుంటే దిల్ చిన్నగ చేసుకోకు. అట్లనే వారంల నాలుగు సార్లు, వేరే వేరే యాళ్ళల్ల చూడు. ఒక్క రోజు చూసి తీర్పు చెప్పద్దు.

ఇగ మాలిమి పెంచేది. గుర్రాలు ఒకదానికొకటి మూపు కాడ పండ్లతోని గోక్కుంటయి, చూసే ఉంటవు. జూలు అయిపోయి వీపు మొదలయ్యే చోటు అది. ఆడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతదని 1993లనే లెక్కగట్టి చూపెట్టిన్రు. కాని తట్టొద్దు. శాన మంది మెడ మీద చప్ చప్ మని కొడ్తరు, శభాష్ అన్నట్టు. గుర్రానికి అది మెప్పు కాదు. వేళ్ళు కొద్దిగ వంచి, గోళ్ళు తగలకుండ, వేలి కొసల మెత్తతోని గుండ్రంగ గోకు. మొదలు ముప్పై సెకండ్లు చాలు. చెయ్యి తీసి ఒకడుగు ఎనుకకు జరుగు. ఈ చెయ్యి తీసుడే అసలు పని. గుర్రం నీ దిక్కు వంగినా, మెడ సాపినా, పై పెదవి ముందుకు పొడుగ్గ సాపి కదిలిచ్చినా "ఇంకా గోకు" అన్నట్టు. అప్పుడు మళ్ళ గోకు. చెవి ఎనుకకు పోయినా, తోక కొట్టినా, చర్మం వణికిచ్చినా ఆపు. అట్ల అడుక్కుంట గోకితే ఆ గుర్రానికి తన మాట చెల్లుతదని తెలుస్తది. కట్టేసి అరగంట గోకితే అది భరించుడు నేర్చుకుంటది, గంతే.

ఒక మాట ఖచ్చితంగ చెప్పాలె. పని నేర్పేటప్పుడు గోకుడు ఒక్కటే బహుమతి అంటే సరిపోదు. మేత మీదనే తొందరగ నేర్చుకుంటది, మనిషి మీద ఇష్టం గూడ దాంతోనే పెరుగుతది. గాని చేతిల పెట్టొద్దు. నీ గుర్రం జేబు దేవులాడుడు ఇయ్యాల ముద్దుగనే ఉంటది. ఇంకో నాలుగు నెలలకు బెల్లం లేని దినం చెయ్యి కొరుకుతది, పిల్లలు దగ్గరికొస్తే జేబు చింపుతది. తప్పు దానిది కాదు, దేవులాడితే దొరుకుతదని మనమే నేర్పినం. బెల్లం మానెయ్. గుప్పెడు నానవెట్టిన శనగలు తోబ్రాల (మూతికి కట్టే దాణా సంచిల) గాని, బకెట్ల గాని ఎయ్యి. మూతి నీ నుంచి పక్కకు తిప్పినప్పుడే ఎయ్యి, అదీ ఒకటి రెండు సెకండ్లల్ల. ఆలస్యమైతే ఏ పనికి దొరికిందో దానికి తెల్వది. కొట్టుడుకూ ఇదే లెక్క. అర నిమిషం తర్వాత కొడితే నువ్వెందుకు కొట్టినవో దానికి తెల్వది, కొట్టినోడు మాత్రం యాదికుంటడు.

పిల్ల పుడితే ఇంకో సులువు ఉన్నది. పిల్లను పట్టి నలిపే పని లేదు. పుట్టిన అయిదు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తల్లిని బ్రష్ చేసుకుంట మేత పెట్టు. తల్లి నీ పక్కన నిమ్మళంగ ఉన్నది చూసి పిల్ల దానంతట అదే వస్తది. ఏడాది దాటినా ఆ పిల్లలు మనిషికి దగ్గరగనే ఉన్నయని 2005లనే రాసిన్రు. అదే తల్లి లేని పిల్లను సీసాపాలతోని మనుషుల్ల ఒక్కదాన్నే పెంచితే పెద్దగయినంక మనుషులను తోటి గుర్రాలనుకొని కాలు ఝాడిస్తది, మీదికెక్కబోతది.

పరకాల_గుర్రం:

శాన సంతోషం అన్నా, డాక్టర్ సాబ్. నొక్కి చూసి చెప్తా. ఇంకో రెండు ముచ్చట్లు. బర్లు తోడున్నయి గదా, ఇంకో గుర్రం లేకున్నా నడుస్తదా? ఇంకోటి, ఊర్ల పెండ్లికి బరాత్‌ల (పెండ్లి ఊరేగింపుల) కావాలని అడుగుతున్నరు. నాతోని మాలిమైతే డప్పులల్ల, డీజేల నా మాట ఇని నిలవడ్తదా?

బరాత్_ఘోడీ_జమ్మికుంట:

బరాత్ సంగతి నేను చెప్తా. తల కాడ తెలిసిన మనిషి లేకుంటె ఘోడీని (ఆడగుర్రాన్ని) గుంపులకు తీస్కపోవద్దు, అది మొదటి నియమం. కాని తెలిసిన మనిషి ఉన్నంత మాత్రాన చప్పుడు అలవాటు కాదు. దానికి వేరే పని పడ్తది.

డప్పు యాభై అరవై మీటర్ల దూరంల కొట్టియ్యాలె. గుర్రం తల దించి గడ్డి నములుతున్నంత సేపే ఆ దూరం సరి. నములుడు ఆపి, తల లేపి, ముక్కుపుటాలు వెడల్పు చేసిందంటే దగ్గరైనట్టు, పది మీటర్లు ఎనుకకు జరగాలె. నిమ్మళంగుంటె అయిదు మీటర్లు ముందుకు. పది నిమిషాలు, రోజుకు రెండు సార్లు. మూడు నాలుగు వారాలు పడ్తది. తర్వాత లైట్లు, తర్వాత తళతళ కాగితాలు, ఆఖరుకు మంది. అన్ని ఒక్క దినమే సూపెడితే అంతా ఖరాబ్. పటాకులు ఎంత అలవాటైన ఘోడీకైనా వద్దు, పెండ్లోళ్ళతోని ముందే మాట్లాడుకోవాలె.

శాన మంది మోసపోయేది ఒక కాడ. డీజే ముంగట బొమ్మోలె నిలవడ్డ గుర్రాన్ని చూసి "ఎంత శాంతం" అంటరు. చెవులు అటిటు తిరుగుతలేవు, రెప్ప కొడుతలేదు, మూతి బిగవట్టింది, చాతి కాడ చెమట. అది శాంతం కాదు, తప్పించుకునే తొవ్వ లేదని ఆశ ఇడిసిపెట్టింది. నిమ్మళంగ ఉన్న గుర్రం చెవులు అటిటు కదులుతుంటయి, నడుమ నడుమ మనిషి దిక్కు తిరుగుతయి.

ముళ్ళ లగాము ఎయ్యకు. బండ్లు లాగే, బరువు మోసే పశువుల మీద 1965ల చేసిన నియమాలల్లనే ముళ్ళున్న లగాము బంద్ చేసిన్రు. నోట్లె రక్తం కారంగ ఏ మాలిమి నిలవదు.

పశువైద్యుడు_హన్మకొండ:

జమ్మికుంట అన్న చెప్పిన చప్పుడు పద్ధతి అక్షరాలా సరైనది. తెలిసిన మనిషి తల దగ్గర ఉండాలన్న మాటలో మాత్రం చిన్న సవరణ. 2018లో ఇంగ్లండ్‌లో, గుర్రాలను భయపెట్టే అడ్డంకుల మీదుగా ఒకసారి యజమానితో, ఒకసారి కొత్తవాళ్ళతో నడిపించి చూశారు. ఒత్తిడిలో గాని, మాట వినడంలో గాని తేడా రాలేదు. పట్టుకునే చెయ్యి తెలివైనదా కాదా అన్నదే ముఖ్యం. కాబట్టి ఇంట్లో ఎవరు నడిపినా ఒకే మాట, ఒకే సైగ వాడండి. ఒకరు "హో" అని ఆపి, ఇంకొకరు తాడు గుంజి ఆపితే గుర్రానికి ఇద్దరూ నమ్మకం లేని మనుషులే.

లగాము_కాజీపేట:

అది ఒప్పుకుంటా డాక్టర్ సాబ్. గాని తెలిసిన మనిషికి ఒక లాభం ఉన్నది. గుర్రం బెదరకముందే, చెవి కదిలినప్పుడే వాడు పసిగడ్తడు. గుర్రానికి మనం తెలిసుడు కన్నా మనకు గుర్రం తెలిసుడు ఎక్కువ పనికొస్తది. గుర్రం మనల్ని చదివే తీరు సంగతి వేరే చెప్పాల్నా, బెర్లిన్‌ల లెక్కలు చేసిందని పేరు పడ్డ హాన్స్ అనే గుర్రం ఉండె. అడిగినోడు జవాబు దగ్గర పడంగనే తెల్వకుంట తల కొంచెం కదిలిస్తడు, అది చూసి డెక్క కొట్టుడు ఆపేది. 1907ల బయటపడ్డది. నువ్వు ఊపిరి బిగవట్టినా నీ గుర్రానికి తెలుస్తది తమ్ముడూ.

పశువైద్యుడు_హన్మకొండ:

తోడు గురించి. బర్రెలు ఉండటం ఏమీ లేనిదానికన్నా మేలు, కానీ బర్రె దాని మూపు గోకదు, దాని చెవుల భాష బర్రెకు రాదు. ఇంకో గుర్రమో, పోనీయో, కనీసం గాడిదో ఉండాలి. మనిషి మీద ఎంత మాలిమి ఉన్నా మీరు రోజుకు మూడు నాలుగు గంటలకు మించి ఉండలేరు.

దీన్ని తెలుసుకోవడానికి ఒక గుర్తు. గుర్రం నిలబడి కునుకు తీయగలదు గాని, కలలొచ్చే గాఢ నిద్ర రావాలంటే పడుకోవాల్సిందే. రోజుకు అరగంట నుంచి గంట దాకా కావాలి. కాపలా కాసే తోడు లేదనిపిస్తే పడుకోదు. పొద్దున్నే పొట్ట పక్కన, పిరుదు మీద పేడ మరక, గడ్డి పరక అంటుకుని ఉందా చూడండి. వారమంతా ఒంటి మీద ఏ గుర్తూ లేకపోతే అది పడుకోవడం లేదేమో అనుకోవాలి. ముందుకాళ్ళ చీలమండల ముందు భాగంలో గీరుకుపోయిన పుండ్లు కూడా ఉంటే, నిద్ర చాలక నిలబడ్డచోటే కూలబడుతోందేమో అని అనుమానించాలి. అలాంటి గుర్రం చిరాకుగానే ఉంటుంది.

మేత మార్చండి. ముందు బరువు తెలియాలి. మోచేయి వెనుక నుంచి మూపు మీదుగా చుట్టుకొలత, భుజం కొన నుంచి పిరుదు కొన దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగించండి. 155, 140 వస్తే దాదాపు 283 కిలోలు. ఎండు లెక్కన బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల మేత, అంటే రోజుకు 4.2 నుంచి 5.7 కిలోలు. దాన్ని నాలుగు భాగాలు చేసి, చివరిది రాత్రి పది గంటలకు, చిన్న కన్నాల వలలో వేలాడదీయండి. ఒక్కసారి మార్చకండి, వారం పది రోజులు పట్టనివ్వండి.

మన దగ్గర దొరికేవాటిలో మూడు జాగ్రత్తలు. వరిగడ్డి ఒక్కదాని మీద ఆధారపడొద్దు, పేగులో ముద్ద కడుతుంది, బలం తక్కువ. సూపర్ నేపియర్ గడ్డి, తవుడు రెండే పెడితే ఒకటి కాల్షియంను ఒంటికి పట్టనివ్వదు, ఇంకోటి భాస్వరం పెంచుతుంది. ఎముకలు మెత్తబడి గుర్రం కుంటుతుంది, ముట్టుకోనివ్వదు. వానకు తడిసి బూజు పట్టిన మక్కలు గుర్రం ముందు పొరపాటున కూడా పెట్టకండి. ఆ బూజు విషం మెదడును కరిగిస్తుంది, బర్రెకు అంతగా హాని చేయనిది కూడా గుర్రాన్ని చంపుతుంది.

పరకాల_గుర్రం:

సార్, నొక్కి చూసిన. వెన్ను మీద ఏం లేదు. ఎడమ మోచేయి ఎనుక, జీను పట్టీ కూసునే కాడ, నిమ్మకాయంత గట్టి గడ్డ. మీద వెంట్రుకలు ఊడినయి, కొద్దిగ తడి ఉన్నది. అక్కడ చెయ్యి పెడితేనే చెవులు పరుస్తున్నది.

పశువైద్యుడు_హన్మకొండ:

పట్టీ ఒరుసుకుని అయిన గాయం లాగుంది. పూర్తిగా మానేదాకా జీను వెయ్యకండి, రెండు మూడు వారాలు పట్టొచ్చు. లీటరు నీళ్ళు మరగబెట్టి చల్లార్చి, తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి, రోజుకు రెండుసార్లు గాయం మీద పోసి కడగండి, రుద్దొద్దు. ఈగలు వాలకుండా చూడండి, పురుగు పడితే కష్టం. గుర్రానికి ధనుర్వాతం చాలా తేలికగా వస్తుంది. ఆ టీకా ఈ ఏడాది వేయించకపోతే ఇవాళే పశువుల దవాఖానకు గాని, మామునూరు వెటర్నరీ కాలేజీకి గాని తీసుకెళ్ళండి, లేదంటే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. చీము కనిపించినా, నాలుగైదు రోజుల్లో గడ్డ తగ్గకపోయినా డాక్టర్ చూడాల్సిందే. ఎండిన చెమట, మట్టి అంటిన పట్టీని ఉతికి, పక్కన పెట్టండి.

ఈ మూడు వారాలు గోకడం కుడి వైపు, మెడ మీద చేయండి. గాయం మానాక ఎడమ మూపు నుంచి మొదలుపెట్టి రోజుకు జానెడు చొప్పున కిందికి రండి. చెవి కదిలిన చోటే చెయ్యి ఆపండి. అది తల దించేదాకా అక్కణ్ణుంచి జరపొద్దు.